మధ్య గేర్ల చుట్టూ కట్టిన కారు

ఆల్ఫా రోమియో 8సి 2900బి కారు బానెట్ తెరిస్తే ముందుగా చూడవలసింది ఇంజన్ నడుమ ఉన్న సందును. ఎనిమిది సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి గానీ ఒకే దిమ్మలో ఉండవు. నాలుగు సిలిండర్ల బ్లాకు ముందొకటి, వెనకొకటి. ఆ రెంటి మధ్యా కింద నుంచి పైదాకా గేర్ల వరస. చూడవచ్చినవాళ్ల కళ్లు పొడవాటి ముక్కు మీదా, ఒంపు తిరిగిన మడ్‌గార్డుల మీదా ఆగుతాయి. ఆగడం న్యాయమే. 1937కూ 1939కూ మధ్య మిలాన్‌లో తయారైన ఈ కారు, రెండో ప్రపంచయుద్ధానికి ముందు పుట్టిన కార్లలో అందానికి మొదటి వరసలోది. అయితే ఆ ముక్కు అంత పొడవు ఎందుకైంది, ఆ ఒళ్లు అంత తేలికగా ఎలా నిలిచింది, ఎనభై ఏళ్లు దాటినా సొంతదారులు దాన్ని కొండదారుల మీద ఎలా నడపగలుగుతున్నారు అన్న ప్రశ్నలకు జవాబులు ఆ సందు దగ్గరే మొదలవుతాయి.

ఇంజన్ రూపకర్త విత్తోరియో యానో. ఇటలీలో స్థిరపడ్డ హంగేరియన్ దంపతులకు 1891లో పుట్టాడు. ఫియట్ రేసింగ్ విభాగంలో పనిచేస్తున్నవాడిని 1923లో ఆల్ఫా రోమియోకు తీసుకురావడంలో ఎంజో ఫెరారీ చేయి ఉంది. అప్పటికి ఫెరారీ ఇంకా ఆల్ఫా మనిషే. యానో వచ్చిన మరుసటి ఏడే పి2 అనే రేసు కారు బయటికొచ్చింది. 1925లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ దానిదే. 1931లో ఎనిమిది సిలిండర్ల 8సి 2300, 1932లో ఒంటి సీటు గ్రాండ్ ప్రీ కారు పి3. లెమాన్ 24 గంటల పందెంలో 1931 నుంచి 1934 దాకా వరసగా నాలుగేళ్లు 8సి 2300 గెలిచింది. 2900 ఇంజన్ ఈ వంశంలోదే. సిలిండర్ అడ్డం 68 మి.మీ., పిస్టన్ నడక 100 మి.మీ., మొత్తం 2,905 సీసీ. 1934 నాటి పి3లో ఉన్న కొలతలు కూడా ఇవే. అంటే గ్రాండ్ ప్రీ పందేలకు పుట్టిన యంత్రాన్ని ఇద్దరు కూర్చునే రోడ్డు కారులో పెట్టి అమ్మారన్నమాట. ఆ రోజుల్లో ఇంకే కంపెనీ ఇంత సూటిగా ఈ పని చేయలేదని నా అభిప్రాయం.

ఎనిమిది సిలిండర్లను ఒకే వరసలో పెడితే ఇంజన్ సన్నగా ఉంటుంది. సన్నని ఇంజన్‌కు సన్నని కారు కట్టవచ్చు, గాలికి ఎదురు తగ్గుతుంది. దీనికి చెల్లించే వెల పొడవు. పొడవాటి ఇనుప కడ్డీ ఎంత గట్టిదైనా మెలి పడుతుంది. ఒక్కో సిలిండర్‌లో పెట్రోలు మండినప్పుడల్లా క్రాంక్‌షాఫ్ట్ మీద ఒక దెబ్బ పడుతుంది. తడిబట్టను పిండేటప్పుడు ఒక కొస ఒకవైపు, రెండో కొస ఇంకోవైపు తిరిగినట్టు షాఫ్ట్ అణుమాత్రం మెలిదిరిగి, మళ్లీ వెనక్కి వస్తుంది. నిమిషానికి వేల సార్లు ఇదే తంతు. ఫ్లైవీల్ బరువు ఉన్న వెనక కొస కుదురుగా ఉంటుంది. పట్టుకునేవాళ్లు లేని ముందు కొస ఎక్కువగా అదురుతుంది. మామూలుగా వాల్వులను నడిపే గేర్లనో గొలుసునో ఆ ముందు కొసకే తగిలిస్తారు. అప్పుడు క్రాంక్ అదురంతా గేర్ల పళ్ల మీదికి వస్తుంది. వాటి వెంట పైనున్న క్యామ్‌షాఫ్టులకూ పాకుతుంది. ఆ క్యామ్‌షాఫ్టులు కూడా ఎనిమిది సిలిండర్ల పొడవున సాగాలి కాబట్టి అవీ మెలి పడతాయి. చివరి సిలిండర్ వాల్వు తెరుచుకోవలసిన క్షణానికీ నిజంగా తెరుచుకునే క్షణానికీ తేడా వస్తుంది.

యానో గేర్లను మధ్యకు తెచ్చాడు. 8సి 2300 కోసం క్రాంక్‌షాఫ్ట్‌ను రెండు సగాలుగా చేయించి, నడుమ గేర్లను ఉంచి బోల్టులతో ఒక్కటిగా బిగించాడు. ఒక్కో సగానికి అయిదు చొప్పున మొత్తం పది బేరింగులు. ప్రతి క్రాంక్ మడతకూ అటొకటి, ఇటొకటి ఆసరా ఉంటుంది, ఏ మడతా వంగే వీలు లేదు. మధ్య గేరు పళ్ల మీద పడే అదురు ముందు కొసలో పడేదాని కంటే చాలా తక్కువ. పైన క్యామ్‌షాఫ్టులకు కూడా నడక మధ్యలోనే అందుతుంది కాబట్టి, ఆ గేరు నుంచి చూస్తే అటు నాలుగు సిలిండర్ల పొడవే, ఇటు నాలుగు సిలిండర్ల పొడవే. మెలిపడే పొడవు సగమైంది. ఒక్క గేర్ల వరసను జరపడంతో క్రాంక్‌కూ క్యామ్‌లకూ ఉన్న జబ్బు ఒక్క మందుతో కుదిరింది. ఇంజన్ రెండు బ్లాకులుగా చీలడం ఈ నిర్ణయం వెంట వచ్చింది.

గేర్లు క్రాంక్ వేగాన్ని సగానికి తగ్గించి క్యామ్‌షాఫ్టులకు అందిస్తాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. క్యామ్‌షాఫ్టులు రెండు పక్కలా ఉంటాయి, ఒకటి మిశ్రమాన్ని లోపలికి వదిలే వాల్వులకు, ఒకటి పొగను బయటికి పంపే వాల్వులకు. ఒక్కో సిలిండర్‌కు రెండే వాల్వులు. అవి చెరోవైపు వాలి, అర్ధగోళంగా ఉన్న మంటగదిలోకి తెరుచుకుంటాయి. అలా వాలినందువల్ల వాల్వుల వెడల్పు పెంచుకోవడానికి చోటు దొరికింది. క్యామ్‌కూ వాల్వుకూ మధ్య మీటలు లేవు, క్యామ్ నేరుగా వాల్వు తల మీద నొక్కుతుంది.

ఆ వాల్వు తల దగ్గర ఒక చిన్న పనితనం ఉంది. నాకు ఈ ఇంజన్ మొత్తంలో అత్యంత ఇష్టమైన భాగం అదే. క్యామ్‌కూ వాల్వు తలకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. వాల్వు వేడెక్కి పొడవు పెరిగినప్పుడు పూర్తిగా మూసుకోవడానికి ఆ ఖాళీ కావాలి. చాలా ఇంజన్లలో ఈ ఖాళీని సరిచేయాలంటే క్యామ్‌షాఫ్ట్‌ను ఊడదీసి, సరైన మందమున్న రేకు బిళ్లలు వెతికి పెట్టాలి. యానో ఇంజన్లలో వాల్వు కాడకు మర చుట్లు ఉంటాయి. గొడుగు ఆకారపు తల ఒకటి ఆ మరలోకి ఎక్కుతుంది. దాని కింద ఇంకో బిళ్ల ఉంటుంది, అది కాడ మీది గాడిలో కూర్చుని తిరగకుండా నిలుస్తుంది. తల అడుగునా, బిళ్ల పైనా సన్నని పళ్లు కోసి ఉంటాయి. వాల్వు స్ప్రింగు బిళ్లను పైకి నెట్టి పట్టుకోవడంతో పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చుని బిగుసుకుంటాయి. సరిచేయాలనుకున్నప్పుడు ప్రత్యేకమైన పనిముట్టుతో బిళ్లను కదలకుండా పట్టి, తలను ఒకటో రెండో పళ్లు తిప్పితే చాలు. ఖాళీ మారుతుంది, చేయి తీయగానే స్ప్రింగే తాళం వేస్తుంది. వాల్వును మూయడానికి ఎలాగూ ఉండవలసిన స్ప్రింగు చేత తాళం పని కూడా చేయించుకున్నాడు. పందెం ముందు రాత్రి గ్యారేజీలో పదహారు వాల్వులు సరిచూడవలసిన మెకానిక్ కష్టం తెలిసినవాడికే తట్టే ఉపాయం ఇది.

బ్లాకుల సంగతి. 2900లో బ్లాకులు తేలిక లోహపు పోతలు. సిలిండర్లూ, వాటి పైకప్పూ కలిపి ఒకే పోత. మామూలు ఇంజన్‌లో సిలిండర్ హెడ్ విడిగా ఉంటుంది, మధ్యలో గ్యాస్కెట్ వేసి బోల్టులతో బిగిస్తారు. లోపలి ఒత్తిడి పెరిగితే ముందు తెగేది ఆ గ్యాస్కెట్టే. హెడ్డునూ బ్లాకునూ ఒక్కటిగా పోస్తే తెగడానికి గ్యాస్కెట్టే లేదు. బదులుగా పనివాడి మీద భారం పడింది. వాల్వులను పైనుంచి పెట్టే దారి లేదు, సిలిండర్ లోపలి నుంచి, అడుగువైపు నుంచి చేయి పెట్టి ఎక్కించాలి. వాల్వు కూర్చునే అంచును నూరాలన్నా బ్లాకు మొత్తాన్ని క్రాంక్‌కేస్ మీది నుంచి లేపాలి. బ్లాకు రెండు ముక్కలు కావడం ఇక్కడ కూడా కలిసొచ్చింది, ఎనిమిది సిలిండర్లను ఒక్కసారిగా లేపే పని తప్పింది.

ఒత్తిడి అన్నాను. ఈ ఇంజన్ గాలిని తనంతట తాను పీల్చుకోదు, దానికి గాలిని కుక్కుతారు. ఇంజన్ పక్కన రెండు రూట్స్ రకం సూపర్‌చార్జర్లు ఉంటాయి. ఒక్కో దానిలో ఇంగ్లీషు ఎనిమిది అంకె (8) ఆకారంలో రెండు రోటర్లు ఒకదాని నడుములో ఇంకొకదాని తల దూరేలా తిరుగుతాయి. అవి ఒకదాన్నొకటి తాకకూడదు, పెట్టె గోడనూ తాకకూడదు. కొసన ఉన్న జంట గేర్లు వాటి వరసను తప్పనివ్వవు. తాకితే అరుగుతాయి, ఎడం ఎక్కువైతే గాలి వెనక్కి జారుతుంది. ఈ రెండు ప్రమాదాల మధ్య ఉన్న సన్నని ఎడం మీదే వాటి పనంతా ఆధారపడింది. ఒక్కో సూపర్‌చార్జర్‌కూ ఒక్కో వెబర్ కార్బ్యురేటర్, కింద నుంచి పైకి పీల్చే రకం. ముందుదాని నుంచి ముందు నాలుగు సిలిండర్లకు, వెనకదాని నుంచి వెనక నాలుగింటికి మిశ్రమం వెళుతుంది. ఒకే పెద్ద సూపర్‌చార్జర్ పెడితే కొసనున్న సిలిండర్లకు దారి దూరమై, మిశ్రమం అన్నింటికీ సమానంగా అందదు. ఇక్కడ ప్రతి దారీ పొట్టిదే. ఈ రెండింటినీ తిప్పేది మళ్లీ ఆ మధ్య గేర్లే. గాలిని ముందే ఒత్తి పంపుతున్నారు కాబట్టి సిలిండర్‌లో కుదింపు నిష్పత్తిని 5.75కే ఆపారు. ఆనాటి పెట్రోలుతో అంతకు మించితే మంట అదుపు తప్పి పిస్టన్లు దెబ్బతినేవి. పందేల కోసం కట్టిన 2900ఎ 220 హార్స్‌పవర్ ఇచ్చేది. రోడ్డు మీదికొచ్చిన 2900బిలో దాన్ని 5,200 చుట్ల దగ్గర 180కి తగ్గించి, ఇంజన్‌కు ఆయుష్షు పోశారు.

ఇంత పొడవాటి ఇంజన్ ముందున్నప్పుడు బరువంతా ముందు చక్రాల మీద పడకూడదు. అందుకే ఇంజన్‌ను ముందు ఇరుసుకు వెనగ్గా జరిపారు. నాలుగు గేర్ల గేర్‌బాక్సును ఇంజన్ వెంట ఉంచకుండా కారు వెనక్కి పంపి, వెనక చక్రాల మధ్య డిఫరెన్షియల్‌తో కలిపి ఒకే పెట్టెలో అమర్చారు. డ్రైవరు కాళ్ల దగ్గర చోటు మిగిలింది, ముందు వెనకల తూకం కుదిరింది. నాలుగు చక్రాలకూ స్వతంత్ర సస్పెన్షన్. ముందు చక్రాలు వెనక్కి సాగిన చేతుల మీద, కాయిల్ స్ప్రింగుల ఆసరాతో పైకీ కిందికీ ఆడతాయి. వెనక చక్రాలకు ఊగే సగం ఇరుసులు, వాటికి అడ్డంగా ఒకే పట్టీల స్ప్రింగు. గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఛాసిస్‌కే బిగించి ఉన్నాయి కాబట్టి గుంతలో పడ్డప్పుడు చక్రంతో పాటు ఎగిరే బరువు తగ్గింది. గతుకుల దారిలో టైరు నేలను వదలదు. ఆనాటి ఇటలీ దారులకు అది చాలా అవసరం. స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఇటలీలో బండ్లు నడిచేది రోడ్డుకు కుడిపక్కనే అయినా, అక్కడి మేలురకం కార్లకు అప్పట్లో ఇదే రివాజు. కొండదారిలో రోడ్డు అంచు డ్రైవరు కళ్ల ముందే ఉంటుంది. మన దగ్గర నడపడం నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఆ సీట్లో కొత్త లేకుండా కూర్చోవచ్చు.

ఇక్కడితో ఆల్ఫా పోర్తెల్లో కర్మాగారం పని ముగుస్తుంది. చక్రాలున్న ఛాసిస్ అదే మిలాన్‌లో ఉన్న కరోత్సెరియా తూరింగ్ షెడ్డుకు చేరుతుంది. ఫెలీచే బియాంకీ ఆందెర్లోనీ, గయెతానో పొంత్సోనీ కలిసి 1926లో పెట్టిన బాడీ బిల్డింగ్ సంస్థ అది. 2900బి కార్లలో ఎక్కువ వాటికి ఒళ్లు కట్టింది వీళ్లే. రెండు పొడవుల ఛాసిస్ ఉండేవి, ఇరుసుల మధ్య దూరం ఒకదానికి 2,800 మి.మీ., ఇంకోదానికి 3,000. వాటి మీద తెరుచుకునే స్పైడరు, మూసి ఉండే బెర్లినెట్టా కట్టేవాళ్లు.

అంతకు ముందు కారు ఒళ్లంటే చెక్క చట్రం మీద రేకు. చెక్క బరువు, కీళ్లు వదులై కిర్రుమనేది. తూరింగ్ వాళ్లు 1930ల నడుమ సూపర్‌లెజెరా పద్ధతికి పేటెంటు తీసుకున్నారు. కారు ఆకారం ఎలా ఉండాలో అలాగే సన్నని ఉక్కు గొట్టాలను వంచి, ఒకదానికొకటి వెల్డింగు చేసి, ఛాసిస్‌కు బిగిస్తారు. పైకప్పు ఒంపుకు ఒక గొట్టం, కిటికీ చుట్టూ ఒకటి, మడ్‌గార్డు అంచున ఇంకొకటి. ఆ అల్లిక మీద అల్యూమినియం రేకు తొడుగుతారు. బరువు మోసేది గొట్టాలే. రేకు పని ఆకారం ఇవ్వడం, గాలిని జారనివ్వడం మాత్రమే. అందుకే దాన్ని పలచగా ఉంచగలిగారు.

రేకును గొట్టానికి వెల్డింగు చేయరు. అంచును మడిచి గొట్టం చుట్టూ తిప్పుతారు. రెంటి మధ్యా ఫెల్టు గుడ్డ వేస్తారు. ఉక్కూ అల్యూమినియమూ తడిలో ఒకదాన్నొకటి తాకితే చిన్న బ్యాటరీ పుట్టినట్టే, అల్యూమినియం తినేసుకుపోతుంది. గుడ్డ ఆ తాకిడిని ఆపుతుంది, అదురుకు రేకూ గొట్టమూ రాసుకుని చప్పుడు చేయకుండానూ చూస్తుంది. ఛాసిస్ గతుకుల్లో మెలి పడ్డప్పుడు రేకు గొట్టం మీద కాస్త జరుగుతుంది, చిరగదు.

రేకు కొట్టడం వేరే విద్య. అల్యూమినియం పలకను కత్తిరించి, గుంట తొలిచిన చెక్క మొద్దు మీదో ఇసుక సంచి మీదో పెట్టి కొయ్య సుత్తితో కొడతారు. దెబ్బకు రేకు సాగి లోతు తేరుతుంది. కొట్టే కొద్దీ గట్టిపడి, ఇక సాగనంటుంది. అప్పుడు దాని మీద సబ్బు రుద్ది మంట చూపిస్తారు. సబ్బు నల్లబడగానే మంట తీసేస్తారు, అల్యూమినియం మళ్లీ మెత్తబడే వేడి అదే. ఇంకొంచెం ఆలస్యమైతే రేకు కరిగి జారిపోతుంది, ఎందుకంటే ఈ లోహం కరిగే ముందు ఎర్రబడి హెచ్చరించదు. ఆకారం దగ్గరికొచ్చాక లోపల ఉక్కు డాలీ పట్టి, పైనుంచి చదును సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తూ గుంటలు తీస్తారు. కన్ను పట్టుకోలేని గుంటను అరచేయి పట్టుకుంటుంది. మన ఊళ్లలో టింకరింగ్ షెడ్లలో పనిచేసే మేస్త్రీలు కూడా రేకు మీద చేయి రాసి చూసేది అందుకే. కుడి మడ్‌గార్డూ ఎడమ మడ్‌గార్డూ ఇలా చేత్తో పుట్టినవే కాబట్టి కొలిచి చూస్తే రెంటి మధ్యా కాస్త తేడా కనబడడం సహజం. దాన్ని లోపమని నేను అనను.

ఇప్పుడు బానెట్ మూసి, కాస్త దూరం జరిగి కారును మొత్తంగా చూడవచ్చు. ముక్కు అంత పొడవుండడానికి కారణం వరసలో ఉన్న ఎనిమిది సిలిండర్లు, నడుమ గేర్ల సందు, ఇరుసుకు వెనగ్గా జరిపిన ఇంజన్. బానెట్ సన్నదనం సిలిండర్లు ఒకే వరసలో ఉన్నందుకు. ఇద్దరు మనుషులు వెనక చక్రాలకు దగ్గరగా కూర్చోవడం ఆ తూకం కోసం. తూరింగ్ పనివాళ్లు ఆ కొలతలను దాచిపెట్టకుండా రేడియేటరు నుంచి తోక దాకా ఒక్క గీతలో పలికించారు. దీన్ని కేవలం అలంకారంగా చూసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

పనితనానికి పరీక్ష రోడ్డు మీద జరిగింది. ఇటలీలో బ్రెషా నుంచి రోమ్ వెళ్లి తిరిగి బ్రెషా చేరే మిల్లే మిల్యా పందెం దాదాపు 1,600 కిలోమీటర్లు. మామూలు రోడ్ల మీద, ఊళ్ల నడుమగా సాగేది. 1936లో 2900ఎ కార్లు మొదటి మూడు స్థానాలూ తీసుకున్నాయి. 1937లో మళ్లీ అదే గెలిచింది. 1938లో క్లెమెంతే బియొందెత్తీ తూరింగ్ స్పైడరు ఒళ్లున్న 2900బితో గంటకు దాదాపు 135 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచాడు. సగటు అంటే కొండలూ, మలుపులూ, పెట్రోలు కోసం ఆగడాలూ అన్నీ కలిపి. అదే ఏడు లెమాన్‌లో తూరింగ్ కట్టిన మూసిన ఒంటి 2900బి వెనకవాళ్లకు అందనంత దూరం ముందుండి, టైరు పేలి, ఆ పైన ఇంజన్ చెడి ఆగిపోయింది. ఆ కారు ఇప్పుడు మిలాన్ దగ్గర ఆరేజేలోని ఆల్ఫా మ్యూజియంలో ఉంది.

నన్ను ఎక్కువ కదిలించేది 1947 పందెం. యుద్ధం తరవాత మొదటి మిల్లే మిల్యా. నియమాల ప్రకారం సూపర్‌చార్జర్లు పనికిరావు. బియొందెత్తీ దాదాపు పదేళ్ల పాత 2900బి బెర్లినెట్టాకు సూపర్‌చార్జర్లు తీసేసి, మామూలు కార్బ్యురేటర్లతో దిగాడు. బలం బాగా తగ్గింది. ముందు పోతున్నది తాత్సియో నువోలారీ, చిన్న చిసితాలియా ఓపెన్ కారులో. చివరి మజిలీలో కుండపోత వాన. నువోలారీ కారు తడిసి మొరాయించి సమయం కోల్పోయింది. పైకప్పు ఉన్న ఆల్ఫా ముందుకొచ్చి గెలిచింది. ఊపిరితిత్తులు తీసేసినా నడిచిన ఇంజన్, పదేళ్ల తరవాత కూడా వానను ఆపిన పలచని రేకు. ఇద్దరు పనివాళ్లకూ, యానోకూ ఆందెర్లోనీకీ, దక్కిన గెలుపు అది.

2900ఎ, 2900బి అన్నీ కలిపినా తయారైనవి నలభైకి అటూఇటూ. 2016లో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో ఒక స్పైడరు 1 కోటి 98 లక్షల డాలర్లకు పోయింది. పెబుల్ బీచ్ పాతకార్ల పోటీలో 2008లోనూ, 2018లోనూ అగ్ర బహుమతి తూరింగ్ బెర్లినెట్టా ఒళ్లున్న 2900బి కార్లకే వచ్చింది. అంత ధర పెట్టి కొన్నవాడికి మొదట దొరికేది బాధ్యతల జాబితా.

ఇంజన్ నూనె వేడెక్కేదాకా యాక్సిలరేటరు నొక్కకూడదు. పది బేరింగులకూ పలచబడిన నూనె అందాలి. మధ్య గేర్ల వరసలో ఒక్కో గేరు పళ్లు కాస్త అరిగినా ఆ అరుగుదలలన్నీ కూడి, పైన క్యామ్ వెనకబడుతుంది. కాబట్టి ఇంజన్ విప్పినప్పుడల్లా పళ్ల మధ్య ఎడాన్ని గేరు గేరుకూ కొలవాలి. సూపర్‌చార్జర్ రోటర్ల ఎడాన్ని ఫీలర్ గేజ్ పెట్టి చుట్టూ చూడాలి. క్రాంక్‌ను అయస్కాంతం చేసి, ఇనుపరజను కలిసిన ద్రవం పోసి, కంటికి కనబడని పగుళ్లు ఎక్కడైనా రజను గీతగా తేలుతాయేమో వెతకాలి. పోత బ్లాకుకు లోపలి నుంచి నీటి తుప్పు పడితే, పాతదాన్ని స్కాన్ చేసి, అచ్చు చేసి, కొత్తది పోయించడం తప్ప దారి లేదు. దాన్ని ఎవరూ అంగట్లో అమ్మరు.

ఒళ్లు విప్పితే ఇంకో చిక్కు. ఆ ఫెల్టు గుడ్డ ఉక్కునూ అల్యూమినియాన్నీ విడదీస్తుంది కానీ దశాబ్దాల తడిని కూడా తనలో పట్టి ఉంచుతుంది. దాని కింద గొట్టం తుప్పు పట్టి, రేకు అంచు బూజులా పొడి రాలుతుంది. కొత్త రేకు కొట్టించి తొడిగితే కారు నిగనిగలాడుతుంది, 1938లో మిలాన్ పనివాడు వేసిన సుత్తి దెబ్బలు మాత్రం పోతాయి. పాత రేకునే ఉంచి, పోయిన అంచు మేరకే అతుకు వేస్తే పని నాలుగింతలవుతుంది, మచ్చలు మిగులుతాయి. నేను రెండో పక్షం. ఈ కార్లను బాగుచేసేవాళ్లలోనూ పోటీల న్యాయనిర్ణేతల్లోనూ ఆ పక్షం ఇప్పుడు బలపడుతోంది. 1938 మిల్లే మిల్యా గెలిచిన స్పైడరు అమెరికాలో ఫిలడెల్ఫియాలోని సిమియోన్ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియం తన కార్లను అద్దాల వెనక పెట్టి ఊరుకోదు, ప్రదర్శన రోజుల్లో వెనక ఆవరణలోకి తెచ్చి నడిపి చూపిస్తుంది.

మిల్లే మిల్యా 1957తో పందెంగా ఆగిపోయింది. 1977లో వేరే రూపంలో మళ్లీ మొదలైంది. 1927కూ 1957కూ మధ్య ఆ పందెంలో పాల్గొన్న రకాల కార్లకే ఇందులో చోటు. వేగంలో పోటీ లేదు, నిర్ణయించిన దూరాన్ని నిర్ణయించిన కాలంలో సెకను భాగాల తేడాతో దాటడంలోనే పోటీ. 8సి కారు దగ్గరికొస్తుంటే ముందు వినబడేది పొగగొట్టం మోత కాదు, గేర్ల పళ్లూ సూపర్‌చార్జర్లూ కలిసి పలికే సన్నని కూత. బోలోన్యాకూ ఫ్లోరెన్సుకూ మధ్య అపెన్నైన్ కొండల్లో ఫూతా కనుమ ఎక్కేటప్పుడు ఆ కూత స్థాయి ఇంజన్ చుట్లతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. చెవి తెలిసిన మెకానిక్ దాన్ని విని మధ్య గేర్ల ఆరోగ్యం చెప్పగలడు.

పెబుల్ బీచ్‌లో కూడా కారు తన కాళ్ల మీద నడిచే మైదానంలోకి రావాలి. పోటీకి ముందు అదే వారంలో సముద్రం పక్క కొండదారుల మీద టూర్ డెలిగాన్స్ జరుగుతుంది. ఒక తరగతిలో రెండు కార్లకు సమానంగా మార్కులొస్తే, ఆ టూర్ పూర్తి చేసిన కారుకే బహుమతి ఇస్తారు.